తీసిన వైరు

నాగదుర్గాప్రసాద్‌కి బావగారంటే గిట్టదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అతను తెలియనివ్వలేదు. ఆదివారం పొద్దున్న అభిలాష్ స్కూటర్ చప్పుడు వీధిలో వినపడగానే అందరికంటే ముందు లేచి కుర్చీ వేసేది ప్రసాదే. “రండి బావగారూ, ఎండనపడి వచ్చేరు. మజ్జిగ తెమ్మంటారా?” అని అడిగేదీ అతనే. అడిగి, ఆ వంకన పెరట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా మొహం కడుక్కుని, కాసేపు అక్కడే నిలబడి వచ్చేవాడు.

అభిలాష్ అతని చెల్లెలు సత్యప్రియ భర్త. మస్కట్‌లో ఓ హోటల్లో స్టోర్‌కీపర్‌గా చేసి, కిందటేడు తిరిగొచ్చి రాజోలులో టైల్స్ షాపు పెట్టుకున్నాడు. మంచివాడు. తాగడు, గొంతు పెంచడు, సత్యప్రియని పల్లెత్తు మాట అనడు. ఆ మంచితనంలో ఎక్కడైనా బీట కనపడుతుందేమోనని ప్రసాద్ ఏడాదిగా చూస్తున్నాడు. కనపడకపోయేసరికి అతని మీద కోపం ఇంకా పెరిగింది.

ఇదంతా జావా దగ్గర మొదలైంది.

ప్రసాద్ తండ్రి కొండలరావు గారు అంతర్వేది పల్లిపాలెంలో పడవల ఇంజన్లు బాగుచేస్తూ ముసలివాడైన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఎవరో బోటు యజమాని దగ్గర్నుంచి తెచ్చుకున్న జావా మోటారు సైకిలు ఒకటి ఆయనకుండేది. మెరూన్ రంగు టాంకు, ఆరు వోల్టుల బ్యాటరీ, హెడ్‌లైటు నెత్తిమీద గుచ్చే తాళం. భార్య చిట్టెమ్మ పోయాక ఆయన దాన్ని ముట్టుకోలేదు. షెడ్డులో పాత వలల పక్కన టార్పాలిన్ కింద ఉండిపోయింది. సముద్రం గాలికి వైర్లలో రాగి పచ్చబడి, వేళ్లతో నలిపితే పొడిగా రాలేది.

ప్రసాద్ పనే కరెంటు పని. మలికిపురం, సఖినేటిపల్లి చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లకి మోటార్లు బిగిస్తాడు, బోర్డులు సరిచేస్తాడు. ఏ రైతు ఫోన్ చేసినా టెస్టర్ జేబులో పెట్టుకుని బయల్దేరతాడు. ఆ జావా వైరింగ్ అతనికొక లెక్క కాదు. కానీ తండ్రి ఎప్పుడూ “దీని సంగతి చూడరా” అని అనలేదు. అతనూ చూస్తానని అనలేదు. హైస్కూల్లో చదివే రోజుల్లో ఒకసారి, ఆయన లేనప్పుడు, ప్రసాద్ దాని పక్కనున్న పెట్టె విప్పి, బ్యాటరీకి చార్జింగ్ పంపే కటౌట్‌ని గెలికాడు. కొండలరావు గారు వచ్చి చూసి కొట్టలేదు. “నీ చెయ్యి పడిందా, ఇంక ఆ బండి పనికి రాదులే” అని, అక్కడున్న, పడవలు నడిపే సరంగులందరి ముందూ నవ్వారు. వాళ్లూ నవ్వారు. ప్రసాద్ ఆ తర్వాత ఎందరి మోటార్లో బాగుచేశాడు గానీ, ఆ షెడ్డు దాటి వెళ్లినప్పుడల్లా ఆ నవ్వు చెవిలో పడుతూనే ఉండేది.

అలాంటి బండి మీది టార్పాలిన్‌ని అభిలాష్ వచ్చిన మొదటి ఆదివారమే ఎత్తేశాడు.

“ఇదేం బండండీ మావయ్యగారూ? ఇంత అందంగా ఉంది!”

“జావా అండి అల్లుడుగారూ. మీకు నచ్చిందా?”

“నచ్చడమేంటండీ! ఇది మళ్లీ నడుస్తుందంటారా?”

అంతే. కొండలరావు గారు ఆ రోజు భోజనానికి మూడుసార్లు పిలిస్తే గానీ లేవలేదు.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం అదే పని. శుక్లం ఆపరేషన్ అయినా ఆయనకి సన్న వైర్లు ఆనవు, చేతులు వణుకుతాయి. అందుకని ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని చెప్తుంటే అభిలాష్ చేసేవాడు. వైర్లంటే అతనికి ఏమీ తెలియదు. అదే ప్రసాద్‌ని మరీ కాల్చేది. “మావయ్యగారూ, ఎర్తు అంటే ఏంటండీ? నేలకి తగలట్లేదు కదా బండి?” అని అడిగాడు ఒకరోజు. ఈ ప్రశ్న ప్రసాద్ అడిగి ఉంటే ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు తండ్రి. అల్లుడికి మాత్రం ఓపిగ్గా, బండి ఇనప ఒళ్లే ఒక వైరు లెక్క అనీ, కరెంటు బ్యాటరీలోంచి వైరు గుండా వెళ్లి, పని చేసి, ఆ ఇనుములోంచే తిరిగి ఇంటికొస్తుందనీ పుల్ల పెట్టి ఇసకలో గీసి చూపించాడు.

“అబ్బ! ఎంత బాగా చెప్పేరండీ” అన్నాడు అభిలాష్.

ప్రసాద్ అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. తండ్రి తనకి ఏ వస్తువు గురించీ అలా గీసి చూపించిన గుర్తు లేదు. తను కరెంటు పని నేర్చుకున్నది మలికిపురంలో ఎవరి దగ్గరో, వాళ్ల చీవాట్లు తింటూ.

ఆ నెలలోనే ఒక ఆదివారం పండుగప్ప పులుసు దింపాక భోజనానికి పిలవమని ప్రసాద్ భార్య వీరలక్ష్మి పంపితే, అతను షెడ్డు వైపు వెళ్లాడు. తలుపు చాటుకి వచ్చేసరికి లోపల తండ్రి గొంతు వినపడింది. ఏదో కథ చెప్తున్నాడు. ప్రసాద్ ఆగిపోయాడు.

“మీ అత్తగారికి నొప్పులొస్తున్నాయండి. సఖినేటిపల్లి రేవుకి తీసుకొచ్చేను. అవతల నరసాపురం వెళ్లాలి. చూస్తే రేవు దాటించే పంటు అవతలొడ్డునుంది. మంచు, మనిషికి మనిషి కనపట్టం లేదు. ఎంత కేకలేసినా వినపడదు. అప్పుడీ బండిని నీళ్ల దాకా దించేసి, హెడ్‌లైటు గోదారి మీదకి పెట్టి, ఆర్పడం వెలిగించడం, ఆర్పడం వెలిగించడం. హారన్ కొడతానే ఉన్నాను. బ్యాటరీ అయిపోద్దేమోనని నా ప్రాణం పోయింది. ఆఖరికి సరంగు చూసేడు. ఆవిణ్ణీ ఎక్కించేం, బండినీ ఎక్కించేం. ఆస్పత్రి మెట్లెక్కుతుండగానే పుట్టేసేడు మా ప్రసాదు.”

“భలేవారండీ! అయితే ఈ హెడ్‌లైటే లేకపోతే బావగారు రేవు ఒడ్డునే పుట్టేద్దురు.” అభిలాష్ నవ్వాడు. “ఇది బావగారికి చెప్పేరాండీ?”

“వాడికా? వాడెప్పుడూ అడగలేదండి.”

ప్రసాద్ పిలవకుండానే వెనక్కి వచ్చేశాడు. తన పుట్టుక కథ. తను పుట్టి ఇన్నేళ్లయ్యాక, దాన్ని తన తండ్రి పోయి పోయి రాజోలులో టైల్స్ అమ్ముకునే మనిషికి చెప్పాడు. పైగా తనే అడగలేదట. పుట్టినప్పుడు ఏం జరిగిందో అడగాలని ఎవరికి తెలుస్తుంది?

“పిలిచేరా?” అంది వీరలక్ష్మి.

“వస్తారులే. వాళ్ల కబుర్లయ్యాక.”

ఆమె అతని మొహం చూసింది. ఆ రోజు పెద్ద చేపముక్క భర్త కంచంలో వేసింది.

కొత్త వైర్లు పడ్డాయి. జావా లేచింది. మొదటిసారి ఆ ఇంజను చప్పుడు వీధిలోకి వచ్చినప్పుడు ప్రసాద్ అరుగు మీంచి లేచాడు. చిన్నప్పుడు అమ్మ ఆ చప్పుడు దూరాన్నించి విని అన్నం వార్చేది. అది గుర్తొచ్చి షెడ్డు వైపు నాలుగడుగులు వేశాడు. అప్పుడు తండ్రి అభిలాష్ భుజం తడుతున్నాడు. ప్రసాద్ ఆగి, ఎవరో ఫోన్ చేసినట్టు చెవి దగ్గర పెట్టుకుని పక్కకి తిరిగాడు.

అయితే బండికి కొత్త జబ్బు మొదలైంది. అభిలాష్ ఒక్కడే రేవు దాకా వెళ్లొస్తే ఏమీ కాదు. మావయ్యగారిని వెనకాల ఎక్కించుకుని వెళ్తే ఎక్కడో ఒకచోట ఫ్యూజు కాలిపోయి బండి ఆగిపోతుంది. ఇంటికి తోసుకొచ్చి, స్టాండు వేసి, దీపాలూ హారనూ అన్నీ చూస్తే ఎక్కడా తప్పు కనపడదు. కొత్త ఫ్యూజు వేస్తే మళ్లీ బాగానే ఉంటుంది. ఇద్దరూ చెమటలు కక్కుతూ బండి తోసుకుని వస్తుంటే ప్రసాద్ అరుగు మీంచి చూసి, లోపల్లోపల సంబరపడేవాడు. అలా సంబరపడ్డందుకు కాసేపటికి సిగ్గేసేది. సిగ్గేసినా మర్నాడు ఆ దృశ్యం తలుచుకుంటే మళ్లీ హాయిగానే ఉండేది.

చలికాలం మొదట్లో అమలాపురంలో పాత బళ్లున్న వాళ్లంతా ఒక ఆదివారం కలుస్తున్నారని కబురొచ్చింది. కొండలరావు గారు కొత్త చొక్కా కుట్టించుకున్నారు. శుక్రవారం భోజనాల దగ్గర ప్రసాద్ ఎంతో మామూలుగా అన్నట్టు అన్నాడు.

“ఆదివారం నేను నడపనా నాన్నా? నువ్వు వెనకాల కూర్చుందువు గాని.”

“నీకు చెరువుల పనుంటుంది కదరా. పది నిమిషాలకోసారి ఫోన్ మోగుతుంది. అల్లుడుగారొస్తానన్నారు.” తండ్రి మజ్జిగన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా చెప్పాడు. “ఆయనకి దాని పద్ధతి తెలుసు.”

ఆయన. పద్ధతి తెలుసు. ప్రసాద్ కంచంలో చెయ్యి కడిగేశాడు.

శనివారం మధ్యాహ్నం తండ్రి కునుకు తీస్తున్నాడు. వీరలక్ష్మి డ్వాక్రా మీటింగుకి వెళ్లింది. ప్రసాద్ షెడ్డులోకి వెళ్లాడు. మొదట ఊరికే చూద్దామని వెళ్లానని అతను తర్వాత తనకి తాను చెప్పుకున్నాడు గానీ, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకునే వెళ్లాడు. హెడ్‌లైటు డూమ్ విప్పాడు. లోపల వైర్ల గుత్తి. అభిలాష్ చుట్టిన టేపు ఒంకరటింకరగా ఉంది. తాళం దగ్గర్నుంచి ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కి కరెంటు తీసుకెళ్లే వైరుని స్క్రూ కిందనుంచి లాగి, దాని కొసకి చిన్న టేపు ముక్క చుట్టి, మళ్లీ గుత్తిలోకి దోపేశాడు. చూస్తే బిగించినట్టే ఉంటుంది. దీపాలు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, ఇంజను మాత్రం లేవదు. డూమ్ బిగించి, మీద పడిన తన వేలిముద్రలు చొక్కా అంచుతో తుడిచేశాడు. బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు చేరవేశాడు.

అతను అనుకున్నది ఇదీ. పొద్దున్న బండి లేవదు. అల్లుడికి ఏమీ తోచదు. తండ్రి చుట్టూ చూసి, ఆఖరికి కొడుకుని పిలుస్తాడు. కొడుకు వచ్చి బాగుచేస్తాడు.

ఆదివారం పొద్దున్న అభిలాష్, సత్యప్రియ ఇద్దరూ వచ్చారు. కొండలరావు గారు కొత్త చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని సిద్ధంగా ఉన్నారు. అభిలాష్ తాళం గుచ్చి కిక్కు కొట్టాడు. లేవలేదు. మళ్లీ కొట్టాడు. ప్లగ్గు విప్పి, ఇంజనుకి ఆనించి చూశారు. నిప్పురవ్వ లేదు. పాయింట్లు గరకు కాగితంతో రుద్దారు. లేదు. కాయిల్ దగ్గర వైరు బిగువుగానే ఉంది. అభిలాష్ చొక్కా అంతా తడిసిపోయింది.

“ఫ్యూజు బాగానే ఉందండి మావయ్యగారూ. దీపాలొస్తున్నాయి. మరెందుకండీ?”

“తొందరపడకండి. కరెంటు ఎక్కడి దాకా వచ్చి ఆగిపోయిందో చూద్దాం.”

ప్రసాద్ అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు. తండ్రి అతని వైపు ఒక్కసారైనా చూడలేదు. టైమవుతోంది. ఆయన మొహంలో ఉత్సాహం కొంచెం కొంచెంగా దిగిపోతుంటే ప్రసాద్ ఆ అక్షరాల మీంచి చూస్తూనే ఉన్నాడు. ఆ కొత్త చొక్కా చేతికి గ్రీజు మరక అయింది. ఆఖరికి పిలిచింది తండ్రి కాదు, సత్యప్రియ.

“అన్నయ్యా, నువ్వొకసారి చూడొచ్చు కదా? నాన్న ఎంత ఆశపడ్డారో.”

ప్రసాద్ లేచాడు. స్క్రూడ్రైవరు తీసుకుని తిన్నగా హెడ్‌లైటు దగ్గరికి వెళ్లి, డూమ్ విప్పి, గుత్తిలోకి రెండు వేళ్లు పెట్టి ఆ వైరు బయటికి లాగాడు. టేపు ముక్క ఊడదీసి స్క్రూ కింద బిగించాడు. “కొట్టండి బావగారూ” అన్నాడు. ఒక్క కిక్కుకే లేచింది.

“బావగారూ, మీరు మామూలోరు కాదండీ!” అభిలాష్ మనస్ఫూర్తిగా అన్నాడు. సత్యప్రియ చప్పట్లు కొట్టింది.

ప్రసాద్ తండ్రి వైపు చూశాడు. ఆ మెచ్చుకోలు కోసమే కదా ఇదంతా. కొండలరావు గారు బండిని చూడటం లేదు. కొడుకు చేతిలో ఉన్న టేపు ముక్కని చూస్తున్నారు. దాన్ని చూసి, కొడుకు మొహం చూసి, మెల్లిగా బండెక్కి అల్లుడి వెనక కూర్చున్నారు. “పోనివ్వండి” అన్నారు. అంతే.

బండి వీధి మలుపు తిరిగిపోయింది. ప్రసాద్ ఆ టేపు ముక్కని వేళ్ల మధ్య నలుపుతూ నిలబడ్డాడు. ఏం పొరపాటు చేశాడో అతనికి అప్పటికి అర్థమైంది. రొయ్యల చెరువు దగ్గర చిన్న మోటారు ఆగిపోయినా తను ముందు టెస్టర్ పెట్టి చూస్తాడు. ఇవాళ ఏమీ పెట్టలేదు.

లోపలికొచ్చి కాఫీ కూడా తాగలేకపోయాడు. ఇంకో భయం పట్టుకుంది. కంగారులో ఆ స్క్రూ సరిగ్గా బిగించాడా? దారిలో వైరు ఊడి, బస్సుల మధ్య బండి ఉన్నట్టుండి ఆగితే? వెనకాల కూర్చున్నది డెబ్బై దాటిన మనిషి. వీరలక్ష్మి రెండుసార్లు “ఏంటండీ అలా ఉన్నారు” అని అడిగింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాడు.

అభిలాషే. “బావగారూ, తాటిపాక దాటేక, నగరం దగ్గర కాలవగట్టు మీద ఆగిపోయేమండి. మావయ్యగారు మిమ్మల్ని రమ్మంటున్నారు.”

“ఆయనకేం కాలేదు కదా?”

“ఆయ్, బాగానే ఉన్నారండి. టెస్ట్ లాంపు తెమ్మన్నారు.”

ప్రసాద్ మలికిపురం, రాజోలు ఎలా దాటాడో అతనికే తెలియదు. కాలవ పక్కన కొబ్బరి చెట్ల నీడలో జావా స్టాండు వేసి ఉంది. తండ్రి ఒక దుంగ మీద కూర్చుని ఉన్నాడు. అభిలాష్ ఎదురొచ్చి, “నాలుగు ఫ్యూజులు పోయేయండి, పాత జబ్బే” అన్నాడు. తన వైరు ఊడలేదన్నమాట. ప్రసాద్ స్కూటర్ స్టాండు వేశాడు.

“అల్లుడుగారూ, సెంటర్లోకెళ్లి ఫ్యూజులు దొరుకుతాయేమో చూసి రండి. వాడి స్కూటర్ తీసుకెళ్లండి” అన్నారు కొండలరావు గారు. అభిలాష్ వెళ్లేదాకా ఆగి, అప్పుడు కొడుకు వైపు తిరిగారు.

“పొద్దున్న ప్లగ్గు చూళ్లేదు. లాంపు పెట్టలేదు. తిన్నగా ఆ వైరు మీదకే పోయింది నీ చెయ్యి.”

ప్రసాద్ టెస్ట్ లాంపు వైర్లు విప్పడం మొదలుపెట్టాడు.

“బతుకంతా ఇంజన్లు విప్పేన్రా నేను. ఎక్కడుందో వెతక్కుండా ఎవడికీ ఏదీ దొరకదు. ఎప్పుడు తీసేవు?”

“నిన్న మధ్యాహ్నం.”

“ఎందుకు?”

కాలవలో గుర్రపుడెక్క మెల్లిగా పోతోంది. ప్రసాద్ దాన్నే చూస్తూ, చిన్న పిల్లాడిలా అన్నాడు. “పంటు సంగతి అతనికి చెప్పేవు. నాకు చెప్పలేదు.”

“ఏ పంటు?”

“నేను పుట్టినప్పటిది. హెడ్‌లైటు గోదారి మీదకి పెట్టేనన్నావే, అది. అతనికి ఎర్తు అంటే కూడా తెలీదు నాన్నా. ఇసకలో గీసి చెప్పేవు. నేను కటౌట్ ముట్టుకుంటే, నా చెయ్యి పడితే బండి పనికి రాదన్నావు. సరంగులందరూ నవ్వేరు.”

కొండలరావు గారు కళ్లు చిట్లించి ఆలోచించారు. “ఎప్పుడన్నాను?”

“హైస్కూల్లో ఉన్నప్పుడు.”

“అన్నానా?” ఆయన నిజంగానే వెతుక్కున్నారు. దొరకలేదు. “నాకు గుర్తు లేదురా. అనే ఉంటాను. ఆ రోజుల్లో నోటికేదొస్తే అది అనేవాణ్ని.”

ప్రసాద్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లు తను మోసుకు తిరిగిన మాట, అన్న మనిషి దగ్గర లేనే లేదు.

“నువ్వు కరెంటు పని నేర్చుకుంటే, మన పనంటే వీడికి చిన్నతనం కాబోలు అనుకున్నాను” అన్నాడు తండ్రి. “నువ్వొకరోజైనా షెడ్డులోకి రాలేదు. నేనూ పిలవలేదు. అల్లుడుగారు పిలవకుండానే వచ్చి కూర్చున్నారు, కబుర్లడిగేరు. ముసలాణ్ని, అడిగితే చెప్పకుండా ఉంటానా?” తర్వాత గొంతు మార్చాడు. “అది సరే. నువ్వు నాకు చేసింది నేను చూసుకుంటాను. ఆయనకి మాత్రం నువ్వే చెప్పుకో. ఇప్పుడు పని చూడు. సరిగ్గా చూడు.”

ప్రసాద్ సరిగ్గానే చూశాడు. కాలిపోయిన ఫ్యూజు తీసేసి, దాని చోట టెస్ట్ లాంపు రెండు వైర్లూ కలిపాడు. తాళం తీసేసి ఉంది కాబట్టి ఎక్కడా షార్ట్ లేకపోతే బల్బు వెలగకూడదు. వెలగలేదు. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పాడు. లేదు. ఒక్కో వైరూ కదిపి చూశాడు. లేదు. తను సీటు మీద కూర్చుని పైకీ కిందకీ ఊగాడు. అయినా లేదు. ఈలోగా అభిలాష్ వచ్చాడు.

“ఎప్పుడూ మీరిద్దరూ వెళ్లినప్పుడే పోతుంది కదా” అన్నాడు ప్రసాద్. “ఇద్దరూ ఎక్కండి.”

అభిలాష్ ముందు కూర్చున్నాడు. కొండలరావు గారు వెనక ఎక్కారు. ఆయన బరువు సీటు మీద పడగానే బల్బు భగ్గున వెలిగింది.

“దిగండి” అన్నాడు ప్రసాద్. ఆరిపోయింది. “ఎక్కండి.” వెలిగింది.

సీటు ఎత్తి చూశారు. అడుగున ఒక స్ప్రింగు విరిగి, దాని కొస కిందకి పొడుచుకుని ఉంది. ఇద్దరి బరువు పడినప్పుడు అది ఫ్రేము పక్కగా వెళ్లే పెద్ద వైరులోకి దిగుతోంది. ప్లాస్టిక్ తొడుగు మీద చీమ కుట్టినంత గాటు.

“నేను వేసిన వైరే అది” అన్నాడు అభిలాష్ నొచ్చుకుంటూ.

“నేను వెయ్యమన్న చోటే వేసేరు” అన్నారు కొండలరావు గారు. “తప్పు నాది.”

ప్రసాద్ స్ప్రింగు కొస విరిచేసి, వైరుకి టేపు చుట్టి, పక్క పంక్చర్ల షాపులో అడిగి తెచ్చిన పాత ట్యూబు ముక్క తొడిగి, ఫ్రేముకి అవతలి వైపు నుంచి తిప్పి కట్టాడు. అభిలాష్ పక్కన కూర్చుని, అలవాటు ప్రకారం, “ఫ్యూజు చోట బల్బు ఎందుకు పెట్టేరండి?” అని అడిగాడు. ప్రసాద్ చెప్పాడు. షార్ట్ అయితే ఆ కరెంటంతా బల్బులోంచే పోవాలి కాబట్టి, బల్బే మనకి చెప్పేస్తుందని. “భలే ఉందండీ” అన్నాడు అభిలాష్ కళ్లు పెద్దవి చేసి. ఎదుటి మనిషి అంత శ్రద్ధగా వింటే చెప్పడం ఎంత బాగుంటుందో ప్రసాద్‌కి మొదటిసారి తెలిసింది. దానితో అతని పరిస్థితి ఇంకా అధ్వాన్నమైంది.

“బావగారూ, మీకోమాట చెప్పాలి. పొద్దున్న బండి లేవకపోవడానికి కారణం నేనే. నిన్న ఆ వైరు నేనే తీసేను.”

అభిలాష్ వేళాకోళం అనుకుని నవ్వబోయి, మావయ్యగారి మొహం చూసి ఆగిపోయాడు.

“ఎందుకండీ?”

“మీరు నాన్న ముందు తెల్లమొహం వెయ్యాలని.”

అభిలాష్ లేచి నిలబడ్డాడు. మెడ ఎర్రబడింది. ఏడాదిలో అతని గొంతు పెరగడం ప్రసాద్ వినడం అదే మొదలు.

“నన్ను తెల్లమొహం వేయించడానికి ఆయన ఎక్కే బండి వైరు తీస్తారా? మీరు మళ్లీ సరిగ్గా బిగించకపోయుంటే? నా వెనక లారీ ఉండుంటే? నేను పడితే పడతాను, ఆయన సంగతేంటి? పొద్దున్న ఆయన మొహం చూసేరా మీరు? అరుగు మీద కూర్చుని పేపరు చదువుకున్నారు!”

“చూసేనండి.”

“చూసి కూడా కూర్చున్నారా!”

అభిలాష్ చేతిలో ఉన్న ఫ్యూజుల పొట్లం దుంగ మీద పెట్టి, “మీరు ఆయన్ని తీసుకెళ్లండి. నేను మీ స్కూటర్ మీద ఇంటికెళ్లి, సత్యని తీసుకుని వెళ్లిపోతాను” అన్నాడు. కొండలరావు గారు “అల్లుడుగారూ” అని పిలిచారు. “మీ మీద కోపం లేదండి మావయ్యగారూ” అని చెప్పి అతను వెళ్లిపోయాడు.

అలా ప్రసాద్ కోరుకున్నది జరిగింది. జావా అతని చేతిలో ఉంది, తండ్రి వెనక కూర్చున్నాడు. పాశర్లపూడి వంతెన మీదుగా అమలాపురం వెళ్లేసరికి పాత బళ్ల వాళ్లంతా సర్దుకుని వెళ్లిపోతున్నారు. బుచ్చిరాజు గారని పెద్దాయన ఒకాయన మాత్రం బండి చుట్టూ తిరిగి చూసి, వైరింగ్ ఎవరు చేశారని అడిగాడు. “మా అల్లుడండి” అన్నారు కొండలరావు గారు. ఒక్క క్షణం ఆగి, “బండి జబ్బు కనిపెట్టింది మా వాడు” అన్నారు. ఎప్పటినుంచో ఆ మాట కోసం కాచుకున్న ప్రసాద్, అది చెవిన పడినప్పుడు తలెత్తలేకపోయాడు. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఒక్క ఫ్యూజూ పోలేదు.

తర్వాతి ఆదివారం అభిలాష్ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. షాపులో పని ఉందని సత్యప్రియ ఫోన్లో చెప్పింది. కొండలరావు గారు షెడ్డు తలుపు తీసి, పీట వేసుకుని, వీధి వైపు చూస్తూ కూర్చునేవారు. ప్రసాద్ వెళ్లి పక్కన కూర్చుంటే రెండు మాటలు మాట్లాడేవారు, మళ్లీ వీధి వైపు చూసేవారు. తన తండ్రి అల్లుడి కోసం బెంగపడుతుంటే చూడటం ప్రసాద్‌కి కష్టంగానే ఉంది. గుండెలో ఆ పాత ముల్లు అక్కడే ఉంది. కానీ ఇప్పుడు ఆ ఖాళీ పీట చూసినప్పుడు ముల్లు ఒక్కటే కాదు, ఇంకేదో కూడా కదులుతోంది.

సంత రోజున రాజోలు వెళ్లి, టైల్స్ షాపు ముందు స్కూటర్ ఆపాడు. అభిలాష్ ఎవరికో బాత్‌రూమ్ టైల్స్ చూపిస్తున్నాడు. “రండి బావగారూ, కూర్చోండి” అన్నాడు, బయటివాళ్లతో అన్నట్టు. ప్రసాద్ టైల్స్ పెట్టె మీద కూర్చున్నాడు. ఆ బేరం అయింది, ఇంకో బేరం వచ్చింది. ఆఖరికి షాపు ఖాళీ అయ్యాక ప్రసాద్ అన్నాడు.

“నా కోసం రావద్దు లెండి. ఆయన కోసం రండి. మీరొచ్చినప్పుడు నేను చెరువుల మీదకి పోతాను.”

“మీరు లేకుండా ఎందుకండీ?” అభిలాష్ బల్ల మీది సిమెంటు దుమ్ము గుడ్డతో తుడిచాడు. “నాకు మా నాన్న గుర్తు లేడండి బావగారూ. మావయ్యగారు ఏదైనా చెప్తుంటే వినాలనిపించేది. అంతే. మీ దగ్గర్నుంచి పట్టుకుపోదామని కాదు.”

“తెలుసండి.”

“ఇప్పుడు తెలిసిందేమో.” అతని గొంతులో కరుకుదనం ఇంకా పోలేదు. “సత్యకి నేనేం చెప్పలేదు. ఎందుకు వెళ్లట్లేదని రోజూ అడుగుతోంది. అబద్ధాలు చెప్పడం నా వల్ల కావట్లేదండి. పైనే ఉంది. మీరే చెప్పండి.”

షాపు పక్కనుంచి మెట్లున్నాయి. ప్రసాద్ ఎక్కాడు. సత్యప్రియ బట్టలు మడతపెడుతోంది. అన్నయ్యని చూసి సంతోషపడి, కాఫీ పెట్టడానికి లేవబోతే కూర్చోమని, నిలబడే మొత్తం చెప్పాడు. ఆమె చేతిలోని తువ్వాలు అలాగే ఉండిపోయింది. విన్నాక తిట్టింది. బాగా తిట్టింది. నాన్నకేమైనా అయ్యుంటే నీ మొహం చూసేదాన్ని కాదంది. తర్వాత ఏడ్చింది. కాఫీ ఇవ్వలేదు. ప్రసాద్ మెట్లు దిగి వస్తుంటే వెనకనుంచి, “ఆదివారం వస్తాం. వదినకి చెప్పు” అని మాత్రం అంది.

కింద అభిలాష్ కొత్త కస్టమరుతో మాట్లాడుతున్నాడు. ప్రసాద్‌ని చూసి తల ఊపాడు. నవ్వలేదు. ప్రసాద్ కూడా తల ఊపి, స్కూటర్ తీసి, సంత జనంలోంచి మెల్లిగా ఇంటి దారి పట్టాడు.